పేగులో పుట్టి గుండెకు చేరే ముప్పు

తెలంగాణ నుంచి ఎన్నో చేనేత కుటుంబాలు సూరత్‌కు వలస వెళ్ళాయి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తిని పెరిగిన కార్మికుడు అక్కడి భేస్తాన్ వంటి పేటలో మైదా, నూనె పలహారాలకు అలవాటు పడ్డాడనుకుందాం. అతని బరువు పెరుగుతుంది. దానితోపాటు పేగుల్లోని బాక్టీరియాల పొందిక కూడా మారుతుంది.

మనం జీర్ణించుకోలేని పీచును ఈ బాక్టీరియాలు పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్య ఆహారం. పీచు తగ్గి, కొవ్వు ఎక్కువైతే ఆ గోడ బలహీనపడుతుంది. అప్పుడు కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండే విషపదార్థం రక్తంలోకి చేరుతుంది. కొవ్వు ఎక్కువగా తిన్న ఎలుకల్లో ఇలా జరుగుతుందని 2007లో తేలింది. దీనివల్ల శరీరంలో స్వల్పస్థాయి వాపు నిరంతరం కొనసాగుతుంది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడానికి ఇది తోడ్పడుతుంది.

మరో దారీ ఉంది. మాంసం, గుడ్డు సొనలోని కోలిన్ వంటి పదార్థాలను కొన్ని బాక్టీరియాలు ట్రైమిథైల్ అమీన్‌గా మారుస్తాయి. కాలేయం దాన్ని టీఎంఏఓగా మారుస్తుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ శాస్త్రజ్ఞులు 2013లో 4,000కు పైగా రోగులను పరిశీలించి, రక్తంలో టీఎంఏఓ ఎక్కువున్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువని ప్రకటించారు. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నా ఇది పెరుగుతుంది. కనుక టీఎంఏఓ జబ్బుకు కారణమా, గుర్తు మాత్రమేనా అన్న చర్చ ముగియలేదు.

స్థూలకాయులు తూకంతోపాటు కంచాన్నీ గమనించాలి. జొన్నలు, పప్పులు, కూరగాయలు మన ఆకలినే కాదు, మేలుచేసే బాక్టీరియాల ఆకలినీ తీరుస్తాయి.