వ్రేలిముద్రయు తాళపుచెవియు

1858వ సంవత్సరమున వంగదేశమున విలియం హెర్షెల్ అను ఆంగ్లాధికారి, బాటకు కంకర తోలెదనని ఒడంబడిక వ్రాసిన రాజ్యధర్ కొనాయి అను గుత్తేదారుచే, అతడు మరునాడు ఆ వ్రాత తనది కాదని బొంకకుండుటకై, కాగితము వెనుక సిరా పూసిన అరచేతిని ఒత్తించెను. అట్టి ముద్రయే నేడు మన సెల్‌ఫోనులోనికి వచ్చి, పాస్‌వర్డు జ్ఞప్తికి రాక తల్లడిల్లువానికి కొండంత అండయైనది.

అయితే వ్రేలే తాళపుచెవి యనుకొనుట పొరపాటు. మంచి ఫోను వ్రేలి బొమ్మను దాచదు. దాని రేఖల తీరును గణించి, ఆ లెక్కను మాత్రము తనలోని ప్రత్యేకమైన చోట భద్రపరచును. అసలు తాళపుచెవి వేరొకటి. 'పాస్‌కీ' అను కొత్త పద్ధతిలో ఫోనే ఒక రహస్యపు అంకెను పుట్టించి తనయొద్ద నుంచుకొని, దానికి జోడైన బహిరంగపు అంకెను మాత్రము బ్యాంకునకో మెయిలునకో ఇచ్చును. మన వ్రేలు ఆ రహస్యమును వాడుటకు సెలవిచ్చును, అంతియే. కనుక బ్యాంకువారి యింట దొంగలు పడినను మన రహస్యము వారికి దొరకదు.

పాస్‌వర్డునందు ఒక్క అక్షరము తప్పినను తలుపు తెరువబడదు. వ్రేలి విషయ మట్లు కాదు. నాట్లు వేసి వచ్చిన ముదుసలి రేషను దుకాణమున యంత్రముపై వ్రేలుంచి, అది ఒప్పుకొనకున్న చెంగుతో తుడిచి మరల నొక్కి, పిమ్మట రెండవ చేతి వ్రేలు పెట్టుట నేను పలుమార్లు చూచితిని. చెమ్మయు, అరుగుదలయు, ఒత్తిడియు మారినకొలది ముద్రయు మారును గనుక, యంత్రము 'దాదాపు సరిపోయినది' అని మాత్రమే తీర్పు చెప్పగలదు.

ఫోనే పోయినచో? వ్రేలు మన చేతికే ఉన్నను, దాని లెక్క ఆ ఫోనుతోనే పోవును. ఖాతాను తిరిగి తెచ్చునది ముందుగా నమోదు చేసిన రెండవ పరికరమో, గూగుల్, ఆపిల్ ఖాతాలలో దాగిన పాస్‌కీ ప్రతియో, కాగితముపై వ్రాసి ఉంచిన రికవరీ కోడో గాని, వ్రేలు కాదు. అట్లని అందరి వ్రేలిముద్రలను ఒకేచోట కూడబెట్టుట మరింత ప్రమాదము. 2015లో అమెరికా ప్రభుత్వోద్యోగులు మొదలైన 56 లక్షల మంది వ్రేలిముద్రలు దొంగల పాలైనట్లు బయటపడినది. మన తెలుగునాటనే రిజిస్ట్రేషను దస్తావేజులలోని ముద్రలకు అచ్చులు పోసి, ఆధార్ ద్వారా బ్యాంకు సొమ్ము కాజేసిన ముఠాలు పోలీసులకు చిక్కినవి. పోయిన పాస్‌వర్డునకు మారుగా మరియొకటి పెట్టుకొనవచ్చును. మనిషికి వ్రేళ్లు పదియే.

కావున చదువరులారా, ఈ సాయంకాలమే ఆధార్ యాప్‌లో మీ బయోమెట్రిక్కులకు తాళము వేయుడు. రేషనుకు పోవునాడు తీసి, మరల వేసికొనవచ్చును. రికవరీ కోడును కాగితముపై వ్రాసి ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో ఉంచుడు. ఇంట పెద్దవారున్నచో, ప్రక్కన కూర్చుండి వారికిని ఈ పని చేసిపెట్టుడు.