బొమ్మలో మిగిలిన కల్లుపాక!

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టిన ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా? పై మెట్టు మీద దశావతారాలు కొలువుతీరి ఉంటాయి. కింది మెట్టు మీద అంబారీ ఏనుగు, పెళ్ళి పల్లకి. వాటి పక్కనే ఓ తాటిచెట్టు. ఆ చెట్టుకు మోకు వేసి, నడుముకు కత్తీ కుండా కట్టుకుని పైకి ఎగబాకుతున్న గీత మనిషి! కల్లు పేరెత్తితే చెవులు మూసుకునే ఇళ్ళల్లో కూడా ఆయన దేవుళ్ళ సరసన దర్జాగా ఉంటాడు. ఎవరూ ఏమీ అనరు. కొండపల్లి బొమ్మ కదా మరి!

బెజవాడకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లిలో, బొమ్మల కాలనీలో, ఆ మనిషిని ఇప్పటికీ తెల్లపొణికి కర్రతో చెక్కుతున్నారు. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, రంగులు వేస్తారు. బొమ్మలో ఆయన ఇంకా చెట్టెక్కుతూనే ఉన్నాడు. దిగివచ్చి కుండ దించుకునే పాకే, ఊళ్ళల్లో కనబడకుండా పోయింది!

<b>బోర్డు లేని దుకాణం</b>

ఇంగ్లండులో వీధి మూలల పబ్బులు ఒక్కొక్కటీ మూతపడుతుంటే, అక్కడివాళ్ళు వాటి పేర్లూ ఫోటోలూ పోగేసుకుంటున్నారు. వాళ్ళకి ఆ వీలుంది. ఇటుక గోడ, గుమ్మం మీద వేలాడే బోర్డు, దాని మీద ‘రెడ్ లయన్’ అనో మరొకటో పేరు. పబ్బు పోయినా పేరు మిగులుతుంది.

మన కల్లుపాకకు పేరేదీ? నాలుగు తాటి దూలాలు, పైన తాటాకు కప్పు, చుట్టూ తాటాకు దడి. తాగడానికి ముంత, అది చాలకపోతే తాటాకు దొప్ప. అమ్మే సరుకూ తాటిదే, అమ్మే కొట్టూ తాటిదే! ఒక్క గాలివానకు లేచిపోయేది, మళ్ళీ వారానికి లేచి నిలబడేది. ఎవరు ఫోటో తీస్తారు?

మా ఊరి పాక చెరువుగట్టు కింద ఉండేది. చిన్నప్పుడు పొద్దువాలే వేళకు అమ్మ నన్ను తరిమేది, “పోయి మీ నాన్నని పిలుచుకురా” అని. నేను వెళ్ళి దడి బయట నిలబడేవాణ్ణి. లోపల ఉప్పు వేసి వేయించిన శనగల వాసన, పులిసిన కల్లు వాసన, ధాన్యం రేట్ల మీద వాదన, కాలవ నీళ్ళ మీద తగువు, నిన్న రాత్రి చూసొచ్చిన సినిమా కథ… పాక యజమాని నన్ను చూడగానే నాన్న చేతిలో ముంత లాగేసి, “ఇవాళ్టికి నీ లెక్క సరి. పిల్లాడొచ్చాడు, లే” అనేవాడు. ఆయన చెబితే నాన్న లేచేవాడు. ఆ మాటే అమ్మ చెబితే వినేవాడు కాదు!

అలాగని అదేదో స్వర్గమనుకునేరు. పాక లోపల ఎవరు కూర్చోవాలో, బయట గట్టు మీద ఎవరు కూర్చోవాలో కులమే తేల్చేది. ఆడవాళ్ళకు అది కూర్చునే చోటే కాదు. బియ్యానికని దాచిన డబ్బు ఎన్నోసార్లు ఆ పాకలోనే కరిగింది.

<b>వెండితెర మీద తాగుడు</b>

ఇక మన చిత్రసీమ సంగతి. 1953లో ‘దేవదాసు’ విడుదలైంది. నాగేశ్వరరావు చేతిలో సీసా చూసి ఆంధ్రదేశం యావత్తూ కన్నీరు పెట్టుకుంది. తమాషా ఏమిటంటే, మద్రాసు రాష్ట్రమంతటా 1948 నుంచే మద్యనిషేధం! బెజవాడ హాల్లో తెర మీద హీరో తాగుతున్నాడు, హాలు బయట చట్టప్రకారం చుక్క దొరకదు.

నిషేధంతో గీత పనివాళ్ళ బతుకు రోడ్డున పడింది. వాళ్ళ పక్షాన పోరాడినవారిలో గౌతు లచ్చన్న ముఖ్యుడు. ఆ గొడవ ముదిరి ముదిరి, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వమే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లుకుండ ఓ మంత్రివర్గాన్ని కూల్చిందంటే నమ్ముతారా? అదీ సంగతి!

అన్నట్టు, దేవదాసు పక్కన ఎవరున్నారు? ఓ సీసా, ఓ కుక్క. ఆ తర్వాత మన సినిమాల్లో ప్రేమ విఫలమైన ప్రతివాడూ గడ్డం పెంచి ఒంటరిగానే తాగాడు. పాక సెట్టు వేశారంటే రౌడీల కోసం, లేదా ఓ డాన్సు పాట కోసం. పదిమంది రైతులూ కూలీలూ కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటుగా పాకను చూపించిన సందర్భాలు తక్కువ. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. మన సినిమాలకు పాకలోని కల్లు కనిపించింది గానీ, కబుర్లు వినిపించలేదు. 2023లో వచ్చిన ‘దసరా’లో సిల్క్ బార్ చుట్టూ ఓ ఊరి జీవితమంతా తిరగడం చూసినప్పుడు, ‘ఆ, ఇదీ అసలు లోకం’ అనిపించింది నాకు.

<b>పాకను ఎవరు పడగొట్టారు?</b>

1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా పంపింది. దానికి పెట్టిన పేరు వారుణివాహిని. ప్యాకెట్టుకు పాక అక్కర్లేదు, పళ్ళతో చింపితే చాలు. “నీ లెక్క సరి” అనేవాడూ అక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని లేచారు. చదువుకోవడానికి ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టినవాళ్ళు వాళ్ళు. 1993 అక్టోబరులో సారా రద్దయింది. మళ్ళీ ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు 1995 జనవరి నుంచి మద్యనిషేధం పెట్టారు. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ రామారావు పేరు మీదే 2022లో ఏర్పడిన జిల్లాలో ఉంది నేటి కొండపల్లి!

ఈలోగా డెల్టాలో తాళ్ళు చేపల చెరువులకూ ఇళ్ళస్థలాలకూ అడ్డమై నేలకూలాయి. చెట్టెక్కేవాళ్ళ పిల్లలు చదువుల్లోకి, పట్నాల్లోకి వెళ్ళారు. వెళ్ళడమే మంచిది, ఆ ఎత్తునుంచి జారిపడితే కుటుంబం కూలిపోయినట్టే. సీజనులో రోడ్డు పక్కన ఎవరో ఒకరు కుండ పెట్టుకుని కనిపిస్తారు. కొని, బండి మీదే తాగి పోతారు జనం.

మొన్న కొండపల్లిలో గీత మనిషి బొమ్మ కొని ఇంటికి తెచ్చాను. పాక పోయిందని అమ్మ ముందు కాస్త నిట్టూర్చాను కూడా. ఆవిడ బొమ్మను చేతిలో తిప్పి చూసింది. “ఆ పాక ముందు నిలబడింది నువ్వు. ఇంటి దగ్గర పొయ్యి ముందు కూర్చున్నది నేను. పోయినందుకు నాకేం ఏడుపు లేదురా” అంది.

కాసేపాగి మళ్ళీ తనే, “కానీ ఆ ముసలాయన మాత్రం ఏ రాత్రీ మీ నాన్నని దారిలో పడిపోనివ్వలేదు” అంటూ బొమ్మను దేవుడి అలమరలో పెట్టింది.