చిన్న బల్లకు కొత్త బలం: కోత మిషనుకు ప్రత్యామ్నాయ గొట్టాల ఎంపిక

రంపపు మిషను మోటారు చక్కగా తిరుగుతుంది, బ్లేడు పదునుగానే ఉంటుంది. అయినా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ షీటును కోయవలసి వచ్చినప్పుడు బల్ల చాలదు. బల్ల దాటిన భాగం కిందికి వంగి, బ్లేడును బిగించి పట్టుకుంటుంది. ఆ బిగింపులో చెక్క వెనుకకు ఎగిసి పనివానిపై పడే ప్రమాదం ఉంది. చేతివేళ్లకు ముప్పు కలిగేదీ ఆ క్షణంలోనే. ఇందుకు కొత్త మిషను కొననవసరం లేదు. తగిన గొట్టాలు దొరికితే ఉన్న బల్లనే విస్తరించుకోవచ్చు.

గొట్టాలపై నిలిచే యంత్రం

హాన్స్ గోల్డ్‌ష్మిట్ రూపొందించిన ‘షాప్‌స్మిత్’ యంత్రం 1947లో అమెరికా విపణిలోకి వచ్చింది. సమాంతరంగా అమర్చిన రెండు ఉక్కు గొట్టాలే దానికి వెన్నెముక. రంపం, లేతు, డ్రిల్లింగు, అరగదీత పనులన్నీ ఆ ఒక్క యంత్రంపైనే సాగుతాయి. తరువాతి నమూనాలలో పక్క బల్లలను కలపడానికి కూడా గొట్టాలనే వాడారు. మన కర్మాగారాలలోని అనేక కోత మిషన్లకు సైతం గైడు జరిగే కడ్డీ, పక్క బల్ల ఊత ఇదే పద్ధతిలో ఉంటాయి. అసలు విడిభాగం దొరకనప్పుడు స్థానిక విపణిలో సరియైన గొట్టాన్ని వెదకడమే మార్గం.

బడ్జ్ బడ్జ్ వంటి చోట ఈ వెదుకులాట కష్టం కాదు. కోల్‌కతాకు దిగువన హుగ్లీ తీరాన ఉన్న ఈ పట్టణం జనపనార మిల్లులకు, చమురు నిల్వ కేంద్రాలకు ప్రసిద్ధి. హుగ్లీ తీరపు మిల్లులకు ఉత్తరాంధ్ర నుండి తెలుగు కుటుంబాలు వలస వెళ్లిన చరిత్ర మనకు తెలిసినదే. బడ్జ్ బడ్జ్ నుండి సియాల్దాకు లోకల్ రైలు ఉంది. కోల్‌కతా నేతాజీ సుభాష్ రోడ్డులో పైపుల వర్తకులు, నది ఆవల హౌరాలోని బెలిలియస్ రోడ్డులో లేతు పనివారు ఉన్నారు.

‘అంగుళం’ అనే చిక్కు

పైపుల దుకాణంలో “అంగుళం పైపు ఇవ్వండి” అని అడిగితే 25.4 మిల్లీమీటర్ల గొట్టం రాదు. నీటి పైపులను వాటి నామమాత్రపు లోపలి కొలతతో పిలుస్తారు. ఐ.ఎస్. 1239 ప్రమాణం ప్రకారం అంగుళం పైపు బయటి వ్యాసం సుమారు 33.7 మి.మీ., ముప్పాతిక అంగుళం పైపుది 26.9 మి.మీ., అర అంగుళం పైపుది 21.3 మి.మీ. కుర్చీలు, సైకిళ్లు, వాహన భాగాల కోసం తయారయ్యే ట్యూబులను మాత్రం బయటి కొలతతోనే అమ్ముతారు. కనుక మీ మిషను రంధ్రం ఒక అంగుళమైతే ముందుగా ఈ రెండవ రకాన్నే అడగండి.

అది దొరకనప్పుడు ముప్పాతిక అంగుళం నల్ల పైపును లేతుపై 25.4 మి.మీ.కు తగ్గించవచ్చు. ఇందుకు హెవీ రకాన్నే ఎంచుకోవాలి. దాని మందం 3.2 మి.మీ. గనుక చెక్కిన తరువాత కూడా సుమారు 2.4 మి.మీ. మిగులుతుంది. లైట్ రకానికి పసుపు, మీడియం రకానికి నీలం, హెవీ రకానికి ఎరుపు రంగు పట్టీ ఉంటుంది. పొడవైన గొట్టం లేతుపై ఊగకుండా మధ్యలో ఆధారం పెట్టించండి. జస్తాపూత గల జి.ఐ. పైపు పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక గైడు జరగడానికి అనుకూలం కాదు.

కొనేముందు పరీక్షలు

1. వెర్నియర్ కాలిపర్‌తో గొట్టాన్ని మూడు చోట్ల, ప్రతిచోట అడ్డంగాను నిలువుగాను కొలవండి.
2. సమతలమైన రాతిపలకపై దొర్లించండి. వంకర ఉంటే వెంటనే తెలుస్తుంది.
3. లోపలకు మరొక గొట్టం దూర్చవలసి ఉంటే వెల్డింగు అతుకు లోపల ఉబికి ఉన్నదేమో చూడండి.
4. జత గొట్టాలను ఒకే పైపు నుండి, ఒకే పొడవున కోయించండి.

ఊత లేకుండా బయటికి చాచిన గొట్టం పొడవును రెట్టింపు చేస్తే, కొనపై అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల విస్తరించిన బల్ల చివర తప్పక ఒక కాలు ఏర్పాటు చేయండి. పోత ఇనుప బల్లకు గొట్టాన్ని నేరుగా వెల్డింగు చేయించకండి, పగుళ్లు రావచ్చు, మరలతో బిగించండి. పక్క బల్ల అసలు బల్లకు సమమట్టంలో ఉండాలి. చెక్క బయటికి వచ్చే వైపు బల్ల వెంట్రుకవాసి తగ్గినా ఫరవాలేదు, ఎత్తు కారాదు.

ఋణగ్రహీతలకు, వర్తకులకు

మిషను బ్యాంకు ఋణంతో కొన్నదైతే అది బ్యాంకుకు హైపోథికేషన్‌లో ఉంటుంది. మార్పు చేయించేముందు శాఖకు లిఖితపూర్వకంగా తెలపండి. తీసివేసిన అసలు భాగాలను పారవేయక భద్రపరచండి. గొట్టాలకు, లేతు పనికి రసీదులు తీసుకోండి. సొంత డబ్బు చాలనివారు 2015లో ప్రారంభమైన ముద్రా పథకం క్రింద రూ. 50,000 వరకు ఉన్న ‘శిశు’ విభాగాన్ని గురించి విచారించవచ్చు.

వర్తక మిత్రులకు ఒక మనవి. బిల్లుపై ‘అంగుళం పైపు’ అని మాత్రమే వ్రాయక, బయటి వ్యాసం, మందం, పొడవు మిల్లీమీటర్లలో వ్రాయండి. కొనుగోలుదారు గొట్టం తిరిగి తెచ్చే శ్రమ, మీకు సరుకు మార్చి ఇచ్చే నష్టం రెండూ తప్పుతాయి.

కొత్త మిషను కోసం అప్పు పెంచుకునే ముందు పాత మిషను రంధ్రాన్ని ఒకసారి కొలిచి చూడండి. ఆ అంకెను కాగితంపై వ్రాసుకుని బజారుకు బయలుదేరండి.