గుడ్ల పెట్టె కింద, పడుకునే కర్ర పైన

బరంపురం, పర్లాకిమిడి వైపు పెరడున్న మన ఇళ్లలో మళ్లీ కోళ్లు పెంచుతున్నారు. సంఘం సమావేశానికి వచ్చినవాళ్లు పిల్లల తెలుగు చదువు సంగతి మాట్లాడాక చివరికి కోళ్ల దగ్గరికే వస్తున్నారు. అందరి ఫిర్యాదూ ఒకటే. గూడు కట్టించాం, అయినా గుడ్లు కట్టెల మోపు వెనక పెడుతున్నాయి, గూట్లో పెట్టినవి రెట్టతో పాడవుతున్నాయి అని. గుడ్లమ్మి వారం కూరగాయలు కొనుక్కునే ఇళ్లు మనలో ఉన్నాయి. వాళ్లకిది చిన్న నష్టం కాదు. ఆ తప్పు మేమూ చేశాం గనుక రాస్తున్నాం.

మా మొదటి గూట్లో గుడ్ల పెట్టెలు మూడడుగుల ఎత్తున బిగించి, కోళ్లు పడుకోవడానికి వెదురు కర్ర అడుగున్నర ఎత్తున కట్టించాం. చూడటానికి బాగానే ఉంది. చీకటి పడేసరికి కోళ్లన్నీ కర్రను వదిలేసి పెట్టెల్లోకి ఎక్కాయి. రాత్రిపూట కోడికి ఎంత ఎత్తున ఉంటే అంత ధైర్యం. గూట్లో అన్నిటికంటే ఎత్తైన చోటే వెతుక్కుంటుంది. రాత్రి వేసిన రెట్టంతా మర్నాడు గుడ్లకంటింది. అలాంటివి పన్నెండు కడిగి పొదగేస్తే ఇరవై ఒక్క రోజులకు నాలుగే పిల్లలయ్యాయి. గుడ్డు పెంకు మీద కంటికి కనబడని పొర ఒకటుంటుంది. క్రిములు లోపలికి పోకుండా అదే కాపాడుతుంది, కడిగితే పోతుంది. పొదగేసే గుడ్డు కడగకూడదు. మురికి గుడ్డు పొదగేయనే కూడదు.

అందుచేత ముందు కర్ర సంగతి తేల్చుకోండి. పెట్టెలు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తున ఉంటే కర్ర రెండున్నర అడుగుల్లో ఉండాలి. ఇంకా పైకి పోవద్దు. నాటుకోడి ఎగిరి దిగుతుంది గాని, వనరాజా లాంటి బరువు కోడి పై నుంచి దూకితే కాలికి దెబ్బ తగిలి అరికాలు వాచి చీము పడుతుంది. ఎక్కి దిగడానికి చిన్న నిచ్చెన వాల్చితే చాలు. కర్ర రెండంగుళాల వెడల్పుండాలి, అంచులు నున్నగా చెక్కించాలి. వెదురు మాకు అచ్చిరాలేదు. నున్నటి వెదురు మీద కాలు జారుతుంది, పగుళ్లలో పేలు చేరతాయి. పగలు దాక్కుని రాత్రి కోడి రక్తం తాగే చిన్న పురుగులవి. రాత్రి టార్చిలైటు వేసి కర్ర అడుగున చూస్తే ఎర్రగా కనిపిస్తాయి. కర్రను ఊడదీసి ఎండేయడానికి వీలుగా గాడిలో పెట్టించండి, మేకులు కొట్టించవద్దు.

కోడికి ఎనిమిది నుంచి పదంగుళాల చోటు కావాలి. పది కోళ్లకు పదంగుళాల చొప్పున వంద అంగుళాలు, అంటే ఎనిమిదడుగుల పైచిలుకు. ఒక్క కర్ర సరిపోకపోతే రెండు వేయండి. వాటి మధ్య అడుగు ఎడం, గోడకు అడుగు ఎడం ఉండాలి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పై కర్ర కోసం రోజూ కొట్లాటే. కింద రేకు పరిచి బూడిద చల్లితే పొద్దున్నే రెట్ట గీకి తీయడం తేలిక. అది మాగాక మొక్కలకు ఎరువు.

పెట్టెలకు పెద్ద లెక్కేం లేదు. నాలుగైదు పెట్టలకొకటి. నాటుకోడికి అన్ని వైపులా అడుగు, బరువు కోడికి పద్నాలుగంగుళాలు. ముందు నాలుగంగుళాల అడ్డుపలక లేకపోతే గడ్డీ గుడ్లూ కిందపడతాయి. పైకప్పు వాలుగా పెట్టండి, చదునుగా ఉంటే దాని మీదే పడుకుంటాయి. ఎండ, జనం తగలని మూలన పెట్టాలి. చెక్క లేకపోతే పాత గంప చాలు, మన పెద్దవాళ్లు దాంతోనే నడిపారు. ఎండుగడ్డి పరిచి గుడ్డంత తెల్లరాయి ఒకటి ఉంచితే కొత్త పెట్టకు చోటు తెలుస్తుంది. గుడ్లు పూటకోసారి తీసేయండి. పగిలిన గుడ్డు రుచి మరిగిన కోడిని మాన్పించడం మా వల్ల కాలేదు.

పొదుగుకొచ్చిన పెట్టను అక్కడే ఉంచవద్దు. మిగతావి అదే పెట్టెలో దూరి తొక్కి గుడ్లు పగలగొడతాయి. రాత్రిపూట మెల్లగా ఎత్తి, వేరే గదిలో గంప కింద పది పన్నెండు గుడ్లతో కూర్చోబెట్టండి. వనరాజా, గ్రామప్రియ పొదగడం అరుదు, వాటి గుడ్లకైనా నాటుపెట్టే దిక్కు. ఈ రెండూ మన హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన సంస్థలో తయారైనవే.

ఇంకొకటి. కొలతలు మిస్త్రీకి నోటితో చెప్పకండి. మేము సగం తెలుగులో సగం ఒడియాలో చెబితే అతను గుడ్ల పెట్టెకు తలుపూ గడియా బిగించి తెచ్చాడు. సుద్దతో నేల మీద గీసి చూపండి. కొలతలు వేసిన కాగితం సంఘం గదిలో పెట్టాం. తీసుకెళ్లినవాళ్లు పుస్తకంలో సంతకం చేసి, పనయ్యాక తిరిగివ్వాలి.