ఒక్క అణువును పట్టే కన్ను

2023 ఏప్రిల్ 26న ఛత్తీస్‌గఢ్‌లోని అరన్‌పూర్ దగ్గర మందుపాతర పేలి పది మంది డీఆర్‌జీ జవాన్లు, వాహన డ్రైవరు చనిపోయారు. రోడ్డు తెరిచే దళం చేతిలో ఉండేది మెటల్ డిటెక్టర్, నేలను గుచ్చి చూసే ఊచ, అదృష్టం బాగుంటే ఒక జాగిలం. అందుకే ఒక్క అణువును కూడా పసిగట్టే సెన్సర్లు ఉన్నాయంటే మాలాంటి వాళ్లకు ప్రాణం లేచివస్తుంది.

సెన్సర్ మాట నిజమే. దాని పేరు సింగిల్ ఫోటాన్ అవలాంచ్ డయోడ్. ఈ సిలికాన్ చిప్‌ను అది తట్టుకోగల వోల్టేజికి కాస్త పైన నిలబెడతారు. ఒక్క కాంతి కణం పడి ఒక్క ఎలక్ట్రాన్ కదిలితే చాలు, కొండచరియ విరిగినట్టు కరెంటు పారుతుంది. వెంటనే దాన్ని అణచి, మళ్లీ సిద్ధం చేసే సర్క్యూట్లను మిలాన్‌లో సెర్జియో కోవా బృందం తీర్చిదిద్దింది. లేజర్ తగిలిన రంగు అణువు కొన్ని నానోసెకన్లు ఆగి మెరుస్తుంది. చుట్టూ ఉన్న నీటి నుంచి చెదిరిన కాంతి అలా ఆగదు, తక్షణం వస్తుంది. ముందొచ్చినదాన్ని వదిలేసి ఆలస్యంగా వచ్చినదాన్నే లెక్కిస్తే ఒంటరి అణువు దొరికిపోతుంది. 1990ల తొలినాళ్లలోనే అమెరికా ప్రయోగశాలల్లో ఇది సాధ్యమైంది.

చిక్కల్లా బయటికొచ్చాకే. ఈ డయోడు వేడికి, వెలుగు లేకున్నా, లెక్క చెబుతుంది. నీడను చూసి కాల్చే కొత్త సెంట్రీ లాగా. చల్లబరిస్తే తగ్గుతుంది. కానీ మే నెల బస్తర్‌లో చల్లదనమంటే జవాను వీపున బ్యాటరీల బరువే. పైగా అణువు సెన్సర్ దాకా రావాలి కదా! గది వేడిమిలో టీఎన్‌టీ ఆవిరి గాలిలో వంద కోట్లకు కొన్ని అణువులే. ఆర్‌డీఎక్స్‌దైతే లక్ష కోట్లకు కొన్ని. అదీ మట్టి కింద, ప్లాస్టిక్ చుట్టి ఉంటే?

టీఎన్‌టీ స్వయంగా మెరవదు కూడా. ఎంఐటీలో టిమొతీ స్వాగర్ దీన్నే తిరగేశారు: మెరిసే పాలిమర్ గొలుసు మీద ఒక్క టీఎన్‌టీ అణువు వాలితే గొలుసంతా మసకబారుతుంది. ఆ సూత్రంతో చేసిన ‘ఫైడో’ను అమెరికా సేన ఇరాక్‌లో వాడింది. మన హెచ్‌ఈఎంఆర్‌ఎల్, ఐఐఎస్‌సీ కలిసి 2022లో పుణేలో ‘రైడర్-ఎక్స్’ను చూపించాయి. మంచి అడుగు. అయితే ఏ పరికరానికైనా ట్రయల్స్‌లో నేను ముందు అడిగేది అది ఎంత తక్కువను పట్టగలదని కాదు, కిలోమీటరుకు ఎన్నిసార్లు ఉత్తినే మోగిందని.

నా సర్వీసులో ఒకసారి కొత్త పరికరం తెచ్చారు. దారి పొడవునా పొలాల్లో ఎరువు చల్లి ఉంది. అది పొద్దుటి నుంచీ మోగుతూనే ఉంది. మధ్యాహ్నానికి మా కుర్రాళ్లు దాన్ని కట్టేసి సంచిలో పెట్టుకుని, కుక్క వెనకాలే నడిచారు.