పాత మైదానము, కొత్త బాధ్యత

పలాస మీదుగా పోయే రైలుమార్గము ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేవారిది. 1955లో అది ఆగ్నేయ రైల్వేలో భాగమైనది. 2003లో తూర్పుకోస్తా రైల్వేలో చేరినది. రైల్వే పేరు మారినా, ఆ సంస్థకు కలకత్తాలో ఉన్న ఫుట్‌బాల్ జట్టును క్రీడాభిమానులు బి.ఎన్.ఆర్. అనే పిలుస్తూ వచ్చినారు.

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌గారు ఆ జట్టులోనే తమ ఆట ముగించినారు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేసిన ఆ మేటి ఆటగాడు అనారోగ్యముచేత 1963లోనే ఆట మానవలసి వచ్చినది. తరువాత ఆ బి.ఎన్.ఆర్. జట్టుకే ఆయన శిక్షకులైనారు. 2023లో కన్నుమూసినారు.

ఆడిన జట్టుకే శిక్షకుడై తిరిగివచ్చుట వినుటకు ఇంపైన సంగతి. అయితే అది ఎంత కష్టమైన పనియో ఒకింత విచారించి చూద్దాము.

ఆటగాడు తన కాళ్ళకు తాను జవాబుదారి. శిక్షకుడు పదకొండుమంది కాళ్ళకు జవాబుదారి. అంతకన్న కష్టమైనది, బయట కూర్చుండబెట్టిన వారి మనస్సులకు కూడ ఆయనే జవాబుదారి. నిన్న తనతో కలిసి ఆడిన స్నేహితునికి, "ఈ వేళ నీకు చోటు లేదు" అని చెప్పవలసి రావచ్చును. ప్రేక్షకులకు ఆయన పాత గోళ్ళు జ్ఞాపకమున్నవి. ఆ జ్ఞాపకము మొదటి దినమున చప్పట్లు కొట్టించును గాని, మూడు ఆటలు వరుసగా ఓడినప్పుడు కాపాడజాలదు.

ఈ పరీక్షలో నెగ్గినవారిలో హైదరాబాదీయులైన సయ్యద్ నయీముద్దీన్‌గారు ఒకరు. ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునుండి కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు రక్షణపంక్తిలో ఆడినారు. 1970 ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారత జట్టుకు నాయకులు ఆయనే. కాలాంతరమున ఈస్ట్ బెంగాల్‌కు శిక్షకులై వచ్చినారు. 1990లో ఆ జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డును, డ్యూరాండ్ కప్పును, రోవర్స్ కప్పును ఒకే సంవత్సరమున గెలుచుకున్నది. ఆ విజయములకు మూలము ఆయన పాత కీర్తి కాదు. వ్యాయామములోను, వేళ పాటించుటలోను ఆయన చూపిన కాఠిన్యము ప్రసిద్ధము. పేరుగల ఆటగాడైనా ఆ నియమమునకు లోబడవలసినదే.

పాత ఆటగాడే కావలెనను నియమమేమియు లేదు. పి.కె. బెనర్జీగారు ఈస్ట్ బెంగాల్‌కు గాని, మోహన్ బగాన్‌కు గాని ఆడినవారు కారు. ఈస్టర్న్ రైల్వేకు ఆడినారు. అయినా 1975 షీల్డు తుదిపోటీలో మోహన్ బగాన్‌ను అయిదు గోళ్ళ తేడాతో ఓడించిన ఈస్ట్ బెంగాల్‌కు ఆయనే శిక్షకులు. మరి రెండేళ్ళకు, 1977లో, మోహన్ బగాన్‌కు ఆ మూడు కప్పులు గెలిపించినవారును ఆయనే.

విదేశములలోను ఇదే తీరు. ఇంగ్లండులో చెల్సీ జట్టుకు అందరికన్న ఎక్కువ గోళ్ళు చేసిన ఫ్రాంక్ లాంపార్డ్ 2019లో అక్కడికే శిక్షకుడై వచ్చినాడు. 2021 జనవరిలో క్లబ్బు ఆయనను తొలగించినది. ఆ జట్టే మే నెలలో మరొక శిక్షకుని క్రింద ఐరోపా విజేత అయినది. స్పెయినులో గార్డియోలా మొదట 2007లో తన పాత క్లబ్బైన బార్సెలోనా రెండవ జట్టు దగ్గర పని నేర్చుకొన్నాడు. మరుసటి యేడు పెద్ద జట్టు చేతికి రాగానే రొనాల్డీన్యో వంటి ప్రసిద్ధునికే చోటు లేదన్నాడు. 2009లో ఆ జట్టు ఆరు కప్పులు గెలిచినది. ప్రేమతోపాటు పనితనము, దానితోపాటు నిర్మొగమాటము ఉండవలెనని దీని సారాంశము.

ఇక మన సంగతి. టెక్కలిలో గాని, ఉద్దానపు పల్లెలలో గాని, ఆట ఏదైనా సరే, సైన్యములోనో రైల్వేలోనో కొలువు ముగించుకొని ఇంటికి వచ్చిన ఆటగానిని, "అన్నా, మన పిల్లలకు నేర్పు" అని మనము పిలువవచ్చును. పిలిచిన తరువాత మన వంతు కూడ ఉన్నది. జట్టులోనికి ఎవరిని తీసుకోవలెనో ఆయనకు వదలవలెను. మన అబ్బాయికి చోటు దొరకలేదని అలుగరాదు. మొదటి ఓటమికే మాట మార్చరాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరితోటలను, జీడితోటలను కూల్చివేసినది. మరల నాటిన కొబ్బరిమొక్క మరుసటి యేడే కాపునకు రాదని ఉద్దానము రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఏండ్ల తరబడి నీరు పోసి కాచుకొన్నవాడే కాయ కోయును. ఆ ఓర్పు పిల్లలకు ఆట నేర్పే మనిషి యెడల కూడ మనకు ఉండవలెను.