తుపాకీ పేలడానికి ముందు

పోలీసుల చేతిలో ఒక మనిషి గాయపడినప్పుడు, లేదా ప్రాణం పోగొట్టుకున్నప్పుడు, న్యాయస్థానం ముందుకు మూడు ప్రశ్నలు వస్తాయి: అక్కడ ఏం జరిగింది, దానివల్ల ఆ శరీరానికి ఏమైంది, ఆ పరిస్థితిలో సరైన శిక్షణ పొందిన పోలీసు చేయవలసిన పని అదేనా. మొదటి ప్రశ్నకు కళ్లారా చూసినవారు జవాబు చెబుతారు, రెండోదానికి పోస్టుమార్టం చేసిన వైద్యులూ ఆయుధాలను పరీక్షించే నిపుణులూ చెబుతారు. మూడో ప్రశ్నకు మాత్రం మన కోర్టుల్లో సాక్షి బోను ఎక్కి, ప్రమాణం చేసి, ఇరుపక్షాల న్యాయవాదుల ఎదుట జవాబు చెప్పేవారు దాదాపు కనిపించరు. అమెరికా వంటి దేశాల్లో ఆ పని చేసేవారిని పోలీసు పద్ధతుల నిపుణ సాక్షులంటారు. వీరిలో ఎక్కువమంది ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేసినవారు, లేదా పోలీసు అకాడమీల్లో పాఠం చెప్పినవారు. సంఘటనను చూడకపోయినా, రికార్డులు, వీడియోలు, శిక్షణ పాఠాలు, శాఖ నియమావళి దగ్గర పెట్టుకుని, ఆ పోలీసు ఉపయోగించిన బలం అవసరమైనదేనా, అవసరమైనంతేనా అన్న విషయంలో వృత్తిపరమైన అభిప్రాయం ఇస్తారు.

ఆ మూడో ప్రశ్న ఎంత బరువైనదో తెలియడానికి హైదరాబాద్ వాసులు దూరం వెళ్లనక్కరలేదు. మియాపూర్, చందానగర్‌ల నడుమ ముంబయి రహదారి మీద అపార్టుమెంట్లతో, ఐటీ ఉద్యోగుల కుటుంబాలతో కిక్కిరిసిన మదీనాగూడా, నగరానికి మరో కొసన బెంగళూరు రహదారి పక్కనున్న షాద్‌నగర్ పొలాలూ 2019లో ఒకే సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ కిందనే ఉండేవి. ఆ ఏడాది నవంబరు 27 రాత్రి శంషాబాద్ సమీపంలోని తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికీ హత్యకూ గురయ్యారు. షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన కింద ఆమె దేహాన్ని దహనం చేశారు. ఆమెను దేశమంతా దిశ అన్న పేరుతోనే తలచుకుంది. పోలీసులు అరెస్టు చేసిన నలుగురు నిందితులు డిసెంబరు 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లి పొలాల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ ఉదయం వంతెన మీద నిలబడి పోలీసుల మీద పూలు చల్లినవారిలో అధికులు కోపంతోనూ దుఃఖంతోనూ ఆ పని చేశారు. ఆ దుఃఖం నిజమైనదే, ఆ పశువైద్యురాలికి జరిగిన ఘోరాన్ని ఏ చట్టచర్చా చిన్నది చేయలేదు. అయితే ఆ పొలంలో ఏం జరిగిందన్న విషయాన్ని ఆ దుఃఖం తేల్చలేదు.

పోలీసుల కథనం ఇది: మృతురాలి ఫోన్, గడియారం, పవర్‌బ్యాంక్ ఎక్కడ దాచారో చూపిస్తామన్న నిందితులను అక్కడికి తీసుకువెళ్లగా, వారు కళ్లలో మట్టి చల్లి, రాళ్లతో, కర్రలతో దాడి చేసి, ఇద్దరు పోలీసుల దగ్గరి పిస్తోళ్లు లాక్కుని కాల్చారు, ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురు కాల్పులు జరపవలసి వచ్చింది. 2019 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తన విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ నాయకత్వంలో, బొంబాయి హైకోర్టు పూర్వ న్యాయమూర్తి రేఖా సొందూర్ బల్దోటా, సీబీఐ పూర్వ డైరెక్టర్ డి.ఆర్. కార్తికేయన్ సభ్యులుగా విచారణ కమిషన్ వేసింది. 2022 జనవరిలో సమర్పించిన నివేదికలో కమిషన్ ఈ కథనాన్ని నమ్మలేదు. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసు సిబ్బందిని హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. మృతుల్లో ముగ్గురు ఆనాటికి మైనర్లని కూడా అభిప్రాయపడింది. అదే ఏడాది మే 20న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు అప్పగించింది. నివేదికను సవాలు చేస్తూ పోలీసులూ అక్కడికే వెళ్లారు. విచారణ కమిషన్ మాట తీర్పు కాదు, అది ప్రభుత్వానికీ కోర్టుకూ ఇచ్చే అభిప్రాయం మాత్రమే. ఆ సిబ్బంది నేరం చేశారో లేదో చెప్పే అధికారం సాక్ష్యం విని తీర్పు చెప్పే న్యాయస్థానానిదే.

ఈ కేసులో శాస్త్ర నిపుణులకు కొదవ లేదు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి పోస్టుమార్టం జరిగింది. హైకోర్టు ఆదేశంతో డిసెంబరు 23న, అంటే మరణించిన పదిహేడో రోజున, ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చిన ఫోరెన్సిక్ వైద్యుల బృందం గాంధీ ఆసుపత్రిలో రెండోసారి పరీక్షించింది. శరీరం చాలా సంగతులు చెప్పగలదు. తూటా లోపలికి దిగిన చోట చర్మం అంచులు లోనికి ముడుచుకుని, చుట్టూ ఒరుసుకుపోయిన సన్నని వలయం ఉంటుంది. బయటికి వచ్చిన చోట అంచులు వెలికి తెరుచుకుంటాయి. పిస్తోలును చాలా దగ్గర నుంచి కాల్చితే పొగమసి చర్మానికి అంటుకుంటుంది, కాలని మందుగుండు రేణువులు చర్మంలో దిగి నల్లని చుక్కల్లా కనిపిస్తాయి; సుమారు మూడడుగులు దాటితే ఆ గుర్తులు సాధారణంగా ఉండవు. దిగిన చోటునూ వెలువడిన చోటునూ ఒక గీతతో కలిపితే తూటా నడిచిన దారి దొరుకుతుంది. ఆయుధ నిపుణులు రెండు తూటాలను ఒకే సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెట్టి, గొట్టం లోపలి మెలికల గాడులు వాటి మీద గీసిన గీతలను పోల్చి, ఏ తూటా ఏ తుపాకీదో చెబుతారు.

ఇంత చెప్పినా, పొలంలో నిలబడ్డ మనుషుల నిర్ణయాల గురించి ఈ శాస్త్రాలు మౌనం వహిస్తాయి. నలుగురు నిందితులను చీకటి పూర్తిగా తొలగకముందే బహిరంగ స్థలానికి ఎందుకు తీసుకువెళ్లారు? ఒక్కో నిందితుడికి ఎందరు కాపలా, వారు ఎంత దూరంలో నిలబడాలి? నిందితుడి చేతికి అందే దూరంలో ఉండేవారు నడుముకు తుపాకీ ధరించవచ్చా, లేక ఆయుధం ఉన్నవారు వెనుక వరసలో ఉండాలా? పిస్తోలు ఉంచే తోలు సంచికి గుండీ పెట్టి ఉందా? అలవాటు లేని మనిషి ఆ పిస్తోలును లాక్కున్నా, సేఫ్టీ మీట తీసి, పై భాగాన్ని వెనక్కి లాగి తూటాను గొట్టంలోకి ఎక్కించి కాల్చగలడా, అందుకు ఎన్ని క్షణాలు పడతాయి? పారిపోతున్నవారిని చుట్టుముట్టడానికి వీలున్నప్పుడు కాల్చవలసిన అవసరం ఏమిటి? ఈ ప్రశ్నలు వైద్యుడివీ కావు, ప్రయోగశాలవీ కావు. కాపలా కాసి, అరెస్టులు చేసి, ఫైరింగ్ రేంజ్‌లో కొత్త కానిస్టేబుళ్ల మోచేతులు సరిచేసిన అనుభవం ఉన్నవారివి. పోలీసు పద్ధతుల నిపుణుడి దృష్టి ఎప్పుడూ తుపాకీ పేలిన క్షణం మీద కంటే, ఆ క్షణాన్ని తప్పనిసరి చేసిన ముందటి నిర్ణయాల మీద ఉంటుంది.

సంకెళ్ల సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. నిందితులకు సంకెళ్లు వేయలేదని పోలీసులు చెప్పినప్పుడు చాలామందికి అది వింతగా తోచింది. కాని 1980 నాటి ప్రేమ్‌శంకర్ శుక్లా తీర్పు నుంచి సుప్రీంకోర్టు సంకెళ్లను మామూలు అలవాటుగా వాడవద్దని చెబుతూ వచ్చింది. 1995లో మరో తీర్పు మేజిస్ట్రేట్ అనుమతి తప్పనిసరి చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ హత్య, అత్యాచారం వంటి నేరాల నిందితులకు సంకెళ్లు వేసే వెసులుబాటు కల్పించింది. కాబట్టి 2019లో సంకెళ్లు లేకపోవడం ఒక్కటే అనుమానానికి ఆధారం కాదు. మేజిస్ట్రేట్ అనుమతి అడిగారా, అడగకపోతే సంకెళ్లు లేని నలుగురికి తగిన కాపలా ఏర్పాటు ఏమిటి అన్నదే సరైన ప్రశ్న. వృత్తి తెలిసిన సాక్షి ఉంటే రెండు వైపులా తొందరపాటు తీర్మానాలు తగ్గుతాయి. తప్పు చేయని పోలీసుకూ ఇది రక్షణే.

చట్టం పోలీసుకు ఇచ్చిన బలం హద్దులు లేనిది కాదు. అరెస్టును ప్రతిఘటించేవారిపై అవసరమైన అన్ని మార్గాలూ ఉపయోగించవచ్చని చెబుతూనే, మరణశిక్షగాని యావజ్జీవ శిక్షగాని పడే నేరంలో నిందితుడు కానివాడి ప్రాణం తీసే హక్కు అరెస్టు పేరుతో లేదని అదే 43వ సెక్షన్ అంటుంది. ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ పౌరుడికీ ఒకటే. రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదన్న హద్దు కూడా ఒకటే. ఆత్మరక్షణ అని చెప్పేవారు దాన్ని చూపించుకోవాలి. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పౌరహక్కుల సంఘం కేసులో, ఎన్‌కౌంటర్ మరణం జరిగితే కేసు నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ వాదన విచారణలో తేలవలసిన విషయమని చెప్పింది. ఆ తీర్పు అమలు సుప్రీంకోర్టులో నిలిచిపోయింది. 2014 సెప్టెంబరులో, పౌరస్వేచ్ఛల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టే పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. దర్యాప్తు సీఐడీగాని వేరే స్టేషన్ పోలీసులుగాని చేయాలి, కాల్పుల్లో పాల్గొన్నవారు ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి, పోస్టుమార్టం ఇద్దరు వైద్యులు చేసి వీడియో తీయాలి అన్నవి వాటిలో కొన్ని. ఇవన్నీ సాక్ష్యాన్ని భద్రపరిచే నియమాలు. భద్రపరిచిన సాక్ష్యాన్ని వృత్తి దృష్టితో చదివి చెప్పేవారి గురించి మాత్రం వాటిలో మాట లేదు.

తెలుగు నేల మీద ఈ లోటు పాతదే. ఎమర్జెన్సీ కాలంలో గిరాయిపల్లి వంటి చోట్ల జరిగిన ఎన్‌కౌంటర్ల మీద 1977లో తార్కుండే కమిటీ, తర్వాత జస్టిస్ భార్గవ కమిషన్ విచారణ చేపట్టినప్పుడు, పోలీసు కథనంలోని అసంభవాలను ఒక్కొక్కటిగా విప్పి చూపిన శ్రమ కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదులది. తర్వాతి దశాబ్దాల్లో పౌరహక్కుల న్యాయవాది కె. బాలగోపాల్ ఆ పని కొనసాగించారు. వారు అసాధారణ ప్రతిభావంతులు కాబట్టి అది సాగింది. న్యాయవాది ప్రతిభ మీద మాత్రమే ఆధారపడే వ్యవస్థ పేదవాడి కేసులో ఎక్కువసార్లు విఫలమవుతుంది.

సిర్పూర్కర్ కమిషన్‌లో పోలీసు వృత్తి తెలిసినవారు లేకపోలేదు; రాజీవ్ గాంధీ హత్య దర్యాప్తుకు నాయకత్వం వహించిన కార్తికేయన్ అందులో సభ్యులు. ఇక్కడే ఒక సూక్ష్మమైన తేడా ఉంది. నిపుణుడు తీర్పరి స్థానంలో కూర్చుంటే ఆయన జ్ఞానం నివేదికలోకి చేరుతుందిగాని, దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. సాక్షి బోనులో నిలబడితే ఎదురు న్యాయవాది ఆ జ్ఞానాన్ని గీటురాయి మీద గీసి చూడగలడు. నిపుణుడి పని తన ముగింపును న్యాయమూర్తి మీద రుద్దడం కాదని, న్యాయమూర్తి స్వయంగా ముగింపుకు రావడానికి కావలసిన కొలమానాలు అందించడమని 1999లో జైలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట అందుకే విలువైనది.

ఆ బోనులో ఏం జరుగుతుందో 2021లో మినియాపొలిస్‌లో ప్రపంచం చూసింది. జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి డెరెక్ షావిన్ తొమ్మిది నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు మోకాలు ఆనించి ఉంచిన కేసులో, లాస్ ఏంజెలెస్ పోలీసు సార్జెంట్ జోడీ స్టైగర్, పోలీసు ఉద్యోగం చేసి తర్వాత న్యాయశాస్త్ర ఆచార్యుడైన సేత్ స్టౌటన్ ప్రాసిక్యూషన్ తరఫున నిలబడి, ప్రతిఘటన ఆగిపోయాక కూడా బలం కొనసాగడం తప్పని వివరించారు. ప్రతివాది పక్షాన బారీ బ్రాడ్ అనే పూర్వ పోలీసు అధికారి అది సమర్థనీయమేనని చెప్పి, ఎదురు విచారణలో ఇబ్బందిపడ్డారు. ఒకే వృత్తికి చెందినవారు రెండు వైపులా నిలబడితే, జ్యూరీ నమ్మకానికి తగినవారిని ఎంచుకుంది. రుసుము చెల్లించిన పక్షం మాటే చెప్పే నిపుణులు అక్కడ లేరని కాదు. అది ఆ పద్ధతిలోని నిజమైన జబ్బు. సియాటెల్‌లో 2023 జనవరిలో, గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల వేగాన్ని అందుకున్న పోలీసు కారు ఢీకొని ఆదోనికి చెందిన విద్యార్థిని చనిపోయినప్పుడు, వేగమే కారణమని ప్రమాద దర్యాప్తు తేల్చినా, తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేశాడని నిరూపించలేమని ప్రాసిక్యూటర్ నేరారోపణకు నిరాకరించారు. నిపుణులున్నంత మాత్రాన కేసు నేరారోపణ దాకా వెళ్లదని తెలుగువారికి ఆ కేసు చెప్పింది.

మన దగ్గర తలుపు ఇటీవల కొంచెం తెరుచుకుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్ విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రల విషయాల్లోనే నిపుణుల అభిప్రాయాన్ని అనుమతించేది. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్‌లో ‘మరే ఇతర రంగమైనా’ అన్న అర్థమిచ్చే మాటలు చేరాయి. పోలీసు కాపలా, అరెస్టు, ఆయుధ వినియోగం ఒక రంగం కాదని వాదించడం కష్టం. ఐపీఎస్ అధికారులకు శిక్షణనిచ్చే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ హైదరాబాద్ శివరాంపల్లిలోనే ఉంది. ఏ పక్షమూ రుసుము చెల్లించని నిపుణుడు కావాలంటే, ఎవరినైనా సాక్షిగా పిలిచే అధికారం సురక్షా సంహిత 348వ సెక్షన్ కింద న్యాయస్థానానికి ఉంది. కోర్టే పిలిచిన సాక్షిని రెండు పక్షాలూ ప్రశ్నించవచ్చు. పదవీ విరమణ చేసిన ఒక శిక్షకుడు అలా బోను ఎక్కిన రోజున ఆయనకు ఎదురయ్యే మొదటి ప్రశ్నలు సాదాసీదాగానే ఉంటాయి: చివరిసారి ఫైరింగ్ రేంజ్‌కు ఎప్పుడు వెళ్లారు, మీరు పాఠం చెప్పినవారిలో నిందితులైన ఈ పోలీసులు ఎవరైనా ఉన్నారా, నిందితుడిని పొలానికి తీసుకువెళ్లేటప్పుడు తుపాకీ ఎవరి నడుముకు ఉండాలని మీరు వారికి నేర్పారు?